పాలుకిచ్చిన గుర్రం

ఆ వేసవి దోహాలో ఎండ ఎలా కాసిందంటే, అల్ హిలాల్‌లో మా గది కుళాయి కింద గ్లాసు పెట్టి టీ పొడి వేసుకుంటే సరిపోయేది. చల్లనీళ్ళకని నీలం చుక్క పెట్టిన కుళాయిలోంచే పొగలొచ్చేవి. అందుకని గల్ఫ్‌లో అందరం గీజరు ఆపేసి, అందులో నిలవున్న నీళ్ళనే చల్లనీళ్ళుగా పోసుకుంటాం. వేడి చేసే యంత్రంలో చల్లదనం దాచుకునే ఈ విద్య మానవజాతికి మేమిచ్చిన కానుక. ఇంతవరకు ఎవరూ శాలువా కప్పలేదు.

ప్రపంచ కప్పు వస్తోందని దేశాన్నంతా తవ్వేస్తున్న కాలం అది. పొద్దున డ్యూటీకి వెళ్ళిన రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. మా బస్సు డ్రైవరు రోడ్లను నమ్మడం మానేసి, పూర్వం నావికులు చుక్కల్ని చూసినట్టు క్రేన్లను చూసి దారి పట్టేవాడు. అల్ రయ్యాన్ వైపు లేస్తున్న ఒక స్టేడియంలో నేను స్టోరు చూసేవాణ్ణి. హెల్మెట్లు, బూట్లు, చేతి తొడుగులు, నట్లు, బోల్టులు... ఆ స్టేడియంలో బంతి తప్ప మిగతావన్నీ నా చేతిమీదుగా వెళ్ళినవే. కప్పు గెలిచిన జట్టు నాకు కృతజ్ఞత చెప్పకపోవడం వాళ్ళ సంస్కారం.

నాకు అక్కడ ఇద్దరు స్నేహితులు. ఒకడు ఇనుము కట్టే ముఠాకి మేస్త్రీ. జగిత్యాల దగ్గరి పల్లె. నాది గోదావరి పక్క. నన్ను 'సారూ' అని పిలుస్తూనే 'నువ్వు' అనేవాడు. గౌరవం ఒక జేబులో, చనువు ఒక జేబులో పెట్టుకు తిరిగే మనిషి.

రెండోవాడు మాకు పైన, అంటే ఆకాశంలో ఉండేవాడు. టవర్ క్రేన్ ఆపరేటరు. కిర్గిజ్‌స్తాన్ కొండల్లో పుట్టాడు. ఎత్తులు అతనికి వరండాలాంటివి. పొద్దున్నే క్యాబిన్‌లోకి ఎక్కితే మధ్యాహ్నం ఎండకి పని ఆపినప్పుడే దిగేవాడు. మేస్త్రీ ముఠాకి ఇనుప కట్టలు అందించేది అతనే కాబట్టి వాకీటాకీలో వినీ వినీ జగిత్యాల తెలుగు పట్టేశాడు. 'జర పైకి', 'జర కిందికి', 'ఆపు', 'నీకు దండం పెడ్త ఆపు' అన్నవి మొదటి పాఠాలు. తర్వాత తర్వాత దానికి కాస్త హిందీ, నాలుగు అరబ్బీ ముక్కలు కలిపి ఒక భాష తయారుచేసుకున్నాడు. అందులో అతను చెప్పలేనిది లేదు, మాకు అర్థం కానిదీ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం మెస్‌లో అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా ఫోను చూస్తున్నాడు. మేస్త్రీ తొంగి చూశాడు. గడ్డి మైదానం మధ్యలో ఒక జంతువు.

"గిదేంది, గాడిదనా?"

"గుర్రం," అన్నాడు క్రేన్ అతను. "నాది. నేను సాకిన. అన్నా, గుర్రం ఇగ మాఫీ, ఇగ ఉండది. నాయన అమ్ముతుండు."

సంగతి నెమ్మదిగా బయటికొచ్చింది. అది ఆడగుర్రం. పుట్టినప్పుడు తల్లి చనిపోతే ఇతనే ఆవుపాలు పట్టి పెంచాడు. ఇతను ఖతార్ వచ్చేశాక ఎక్కేవాళ్ళు లేరు. ముసలాయనకి చలికాలానికి గడ్డి కోసే ఓపిక లేదు. కింది ఊళ్ళనుంచి గుర్రాలు కొనే ఆసామి ఒకడు బక్రీద్ తర్వాత వస్తానన్నాడట. ఆ దేశంలో గుర్రాన్ని స్వారీకి కొనేవాళ్ళుంటారు, కూరకి కొనేవాళ్ళుంటారు. ఆ ఆసామి కూర రకం.

"గడ్డికి నువ్వు పైసలు పంపరాదు?" అన్నాడు మేస్త్రీ.

"నాయన వద్దన్నడు. ఎక్కని గుర్రానికి ఫులూస్ ఎందుకంటడు. ఫోన్ల చెప్పిన, మస్తు చెప్పిన. ఫోన్ల గుర్రం మేపుతవా అంటడు."

"సెలవు పెట్టి పోయి రాకూడదా?" అన్నాను నేను.

సెలవు అడిగాడట. మేనేజరు అతని వంక ఏకంగా ప్రపంచ కప్పే ఇంటికి పట్టుకెళ్తానన్నట్టు చూశాడట. అది పైకప్పు లేస్తున్న సమయం. స్టోరు వాడు లేకపోయినా స్టేడియం లేస్తుంది, మేస్త్రీ ఒక వారం లేకపోయినా ముఠా నడుస్తుంది, క్రేన్ మీద మనిషి లేకపోతే మాత్రం అందరం చేతులు కట్టుకుని మేఘాలు చూడాలి.

అప్పుడు అతను మా ఇద్దరి వంకా చూశాడు. వాళ్ళ దేశంలో ఫోన్లో వచ్చిన మాట గాలి. గడపదాటి వచ్చిన అతిథి చెప్పిన మాట రాయి. "మీరు పోండ్రి. నాయన ముంగట గుర్రాన్ని మంచిగ చెప్పుండ్రి. దూరం మనిషి వచ్చి మంచిగున్నదంటే నాయన అమ్మడు."

మంచిగా చెప్పమన్నాడు. ఎంతవరకు చెప్పాలో చెప్పలేదు. పాపం, పైన ఉండేవాడు కదా, నా గురించి కిందివాళ్ళకి తెలిసినంత అతనికి తెలీదు.

బక్రీద్‌కి సైటు కొద్దిరోజులు మూసేస్తారు, అవి రానూపోనూకే చాలవు. దానికి మిగిలిన సెలవు అతికించుకున్నాం. అసలు నిజం చెప్పాలంటే గుర్రం మీద జాలి ఎంతో, మంచుకొండ చూడాలన్న ఆశ అంతకి పదింతలు. ఫోన్లో మా ఆవిడ విని, "చల్లదనం కోసం దేశాలు పట్టిపోవాలా? ఫ్రిజ్జు తలుపు తీసి తల పెట్టుకోండి," అంది. మేస్త్రీ భార్యకి గల్ఫ్ మొత్తం దుబాయే, దాని అవతల ఉన్నదీ దుబాయే. "దుబాయ్‌ల గుర్రాలు గూడ అమ్ముతరా? బర్రె కొనియ్యమంటే గుర్రం జూడ పోతున్నవా?" అని అడిగింది. మేస్త్రీ వివరించబోయి, మధ్యలో నెట్‌వర్కు పోయిందని చెప్పి పెట్టేశాడు. నెట్‌వర్కు నిక్షేపంగా ఉంది.

షార్జాలో విమానం మారి బిష్కెక్‌లో దిగాం. అక్కణ్ణించి నారిన్ వైపు ఒక రోజంతా బస్సు. ఆ తర్వాత ఒక చిన్న పట్నంలో క్రేన్ అతని చెల్లెలు జీపు మాట్లాడి మాకోసం నిలబడి ఉంది. లోయలోని బడిలో ఇంగ్లీషు చెప్తుంది. ఆ అమ్మాయే లేకపోతే మేం ఈ పాటికి అక్కడే సైగలు చేసుకుంటూ ముసలివాళ్ళమైపోయేవాళ్ళం.

జీపు వయసు నాకంటే ఎక్కువ, దాని డ్రైవరు వయసు జీపుకంటే ఎక్కువ. దారి అన్నది డ్రైవరు జ్ఞాపకంలో మాత్రమే ఉంది. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాని అడుగున ఒక ఏరు, ఎవరో చీర ఆరేసి మర్చిపోయినంత సన్నగా. కనుమ ఎక్కుతుంటే మేఘం ఒకటి కిటికీలోంచి లోపలికొచ్చి నా పక్కన కూర్చుని, తర్వాతి మలుపులో దిగిపోయింది. నేను అతిశయోక్తి చెప్తానని మావాళ్ళంటారు గానీ, మేఘం సంగతి నిజం. మేస్త్రీని అడగండి. అతను కళ్ళు మూసుకుని కొండగట్టు ఆంజనేయుడికి మొక్కులు మొక్కుతున్నాడు, కానీ మేఘం తడి తగిలే ఉంటుంది.

కనుమ దిగాక లోయ తెరుచుకుంది. అంత పచ్చ నేను గోదావరి జిల్లాలో వరి పాలుపోసుకునేటప్పుడు కూడా చూడలేదని రాస్తే మావాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు. కాబట్టి ఇంచుమించు అంత అని రాస్తున్నాను. చుట్టూ కొండలు నెత్తిన మంచు పెట్టుకుని, కింద ఏమవుతోందో చూస్తున్నట్టు వంగి ఉన్నాయి. మధ్యలో గుండ్రటి తెల్లటి గుడారాలు. వేసవిలో పశువుల్ని తోలుకొచ్చి అక్కడే ఉంటారు. ఎండాకాలం అన్న మాటకి అర్థం ఆ క్షణంలో మారిపోయింది. సూట్‌కేసులో ఉన్న బట్టలన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కున్నాను. మేస్త్రీ మంకీ క్యాప్ పెట్టి, దానిమీద తువ్వాలు చుట్టి, దానిమీద కంపెనీ హెల్మెట్ పెట్టుకున్నాడు. గాలికి తువ్వాలు పోకుండా ఉంటుందట.

ముసలాయన గుడారం ముందు నిలబడి ఉన్నాడు. తెల్లటి పొడవాటి టోపీ, దాని కింద ఎండకీ చలికీ సమానంగా నలిగిన ముఖం. రెండు చేతులతో మా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆయన భార్య మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, గుమ్మానికి ఎదురుగా, అన్నిటికన్నా మెత్తటి పరుపుల మీద కూర్చోబెట్టింది. మేస్త్రీ కూర్చోకుండా గోడల చట్రం తడుముతూ ఒక చుట్టు తిరిగాడు. "మేకు లేదు, వైరు లేదు. అంతా తోలు తాళ్ళతోని కట్టిండ్రు సారూ. మా పోరగాండ్లను తోల్కరావాలె గీడికి," అన్నాడు.

టీ వచ్చింది. చెవి లేని గిన్నెలో, అడుగున నాలుగు గుక్కలు.

ఒక దేశం దాటి, ఒక కనుమ దాటి, ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చిన మనిషికి నాలుగు గుక్కల టీ. తాగేశాను. మళ్ళీ అంతే పోసింది. ఇంకోసారీ అంతే. ఇక ఉండబట్టలేక గిన్నె చాపి నిండుగా పొయ్యమని సైగ చేశాను. పెద్దావిడ చెయ్యి ఆగిపోయింది. ముసలాయన నా వంక, తర్వాత తన పాదాల వంక చూశాడు.

చెల్లెలు గొంతు తగ్గించి చెప్పింది. "మా దగ్గర నిండుగా పోస్తే, తాగి వెళ్ళిరండి అని అర్థం. కొంచెం కొంచెం పోస్తే, మళ్ళీ మళ్ళీ పోసే పని మాకుండాలి, మీరు ఉండాలి అని."

"అప్పుడే పోతనంటున్నవా సారూ? వచ్చి బూట్లు గూడ ఇప్పలే," అన్నాడు మేస్త్రీ, నేను తెలుగులో చెప్పాక. నేను గిన్నె వెనక్కి లాక్కుని, ఆ సాయంత్రం దాకా నాలుగేసి గుక్కలు తాగుతూ ఒక చెరువు ఖాళీ చేశాను.

రాత్రి భోజనంలో గొర్రె తలకాయ వండి మర్యాదగా పెద్దమనిషి ముందు పెట్టారు. పెద్దమనిషి నేనే అనుకున్నారు. ఆ తలకాయ నా వంక చూసింది, నేను గుడారం కప్పు వంక చూశాను. మేస్త్రీ మెల్లగా పళ్ళెం తనవైపు జరుపుకుని, చెవి దగ్గర మొదలుపెట్టి, జగిత్యాల సంతలో నేర్చిన శ్రద్ధతో పని పూర్తిచేశాడు. మధ్యలో ఒకసారి జేబులోంచి కారం పొట్లం తీశాడు, అంతే. ముసలాయన ముఖం వెలిగింది. ఆ లోయలో మేస్త్రీ హోదా ఆ పూటతో నన్ను దాటిపోయింది.

గుర్రం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. తిని, విశ్రాంతి తీసుకుని, అవతలివాళ్ళ గొర్రెల క్షేమం అడిగాక గానీ పని మాట్లాడకూడదట. ఆసామి ఎల్లుండి వస్తున్నాడని చెల్లెలు చెప్పింది.

మర్నాడు పొద్దున ముసలాయనే మమ్మల్ని ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. అక్కడ ఉంది మా క్రేన్ అతని గుర్రం. ఫోటో చూసి మేస్త్రీ గాడిద అన్నందుకు అప్పుడు అతన్ని తిట్టాను. ఎదురుగా చూశాక క్షమించాను. పొట్టిది. కడుపు పక్కలకి జారింది. ఒక చెవి కొస తెగింది. మేం వస్తే మా వంక ఒకసారి చూసి, మా వల్ల గడ్డికేమీ నష్టం లేదని తేల్చుకుని మేత కొనసాగించింది. కానీ దాని జూలు దువ్వి ఉంది. అమ్మేయబోయే గుర్రానికి అంత శ్రద్ధగా ఎవరు దువ్వారా అని చూస్తే, ముసలాయన కోటు జేబులోంచి దువ్వెన కొస కనబడుతోంది.

నా పని మొదలుపెట్టాను. నేను ఇంగ్లీషులో చెప్తుంటే చెల్లెలు వాళ్ళ భాషలో చెప్పింది.

మా దేశంలో రాజులు ఇలాంటి గుర్రం కోసం తరాల తరబడి వెతికించేవారని చెప్పాను. ఆ కడుపు చూస్తేనే తెలుస్తోంది, దూరప్రయాణాలకి దాచుకున్న బలం అని చెప్పాను. తెగిన చెవి వీరలక్షణం అన్నాను. మాటలు తెలియకపోయినా నా ఊపు చూసి మేస్త్రీ మోచెయ్యి గిల్లి, "చాలు సారూ. సొమ్మును గట్ల పొగడొద్దు, దిష్టి తగుల్తది," అన్నాడు. నేను అప్పటికే నిండుగా పారుతున్న ఏరుని. ఈ కళ్ళలో ఉన్న తెలివి మా కంపెనీ మేనేజర్ల కళ్ళలో చూడలేదన్నాను (ఇది ఒక్కటే నిజం). చెల్లెలు అనువాదం నెమ్మదించింది. ఆమె ముఖంలో రంగు మారుతోంది. నేను గమనించలేదు. చివరగా చెయ్యి గుండెమీద పెట్టుకుని, "ఇలాంటిదొకటి ఉన్నవాడికి ఈ లోకంలో ఇంకేం కావాలి," అన్నాను.

ఆ అమ్మాయి ఆ మాట చెప్పకుండా ఆగింది. ముసలాయన చెప్పమన్నట్టు చూశాడు. చెప్పింది.

ఆయన గుర్రం దగ్గరికెళ్ళి, మెడ నిమిరి, పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అతిథి మనసు పడ్డది ఇంట్లో ఉంచుకోకూడదు," అంది చెల్లెలు, నా వంక చూడకుండా. "దీని విలువ తెలిసిన మనిషి ఇన్నాళ్ళకి వచ్చాడంటున్నారు. ఇక ఇది మీది. తీసుకెళ్ళడం కష్టమైతే, రేపు వచ్చే ఆసామికి మీరే ఇచ్చుకోవచ్చు. ఆ వచ్చింది మీ దారి ఖర్చులకి."

నా చేతిలో పగ్గం. పగ్గం అవతలి కొసన గుర్రం. అది కూడా మొదటిసారి నా వంక కాస్త ఆసక్తిగా చూసింది.

సంగతి నేను తెలుగులో చెప్పగానే మేస్త్రీ గడ్డిలో కూలబడ్డాడు. "అమ్మకుండ ఆపుమని పంపిండు. నువ్వేమో అడుక్కొని తెచ్చుకుంటివి. క్రేన్ మీద కూసొని ఎదురుచూస్తుండు సారూ ఆడు. ఏం జెప్తవ్ ఇగ? అల్ హిలాల్‌ల మూడో అంతస్తు నీది. లిఫ్ట్‌ల పడ్తదా ఇది?"

"వద్దని తిరిగిచ్చేద్దాం," అన్నాను.

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "వద్దంటే మా నాన్న పరువు పోతుంది. ఆ కోపంతో రేపే అమ్మేస్తారు. తీసుకుంటే అన్నయ్య..." అని ఆపేసింది.

ముసలాయన మాకు దూరంగా వెళ్ళి ఒక రాయిమీద మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. జేబులోంచి దువ్వెన తీసి, దాని పళ్ళలో ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే లాగుతున్నాడు. నేను జీవితంలో చాలా మాటలు పెంచి చెప్పాను. వాటిలో ఏ ఒక్కటీ అంతకు ముందు నాలుగు కాళ్ళతో వచ్చి నా ఎదుట నిలబడలేదు.

మేస్త్రీ బీడీ వెలిగించాడు. అది సగం అయ్యేదాకా గుర్రం డొక్కలు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "సారూ, బిడ్డను అడుగు. వీళ్ళ దిక్కు పాలుకిచ్చుడు ఉన్నదా?" అన్నాడు.

"అంటే?"

"మా దిక్కు బర్రెనో మేకనో సాకనీకి తీరకపోతే ఇంకొకనికి పాలుకిస్తం. సొమ్ము ఇచ్చినోనిది, మేపుడు మేపెటోనిది. పాలు, పని మేపెటోడే తీస్కుంటడు. పుట్టిన పిల్లలు చెరి సగం. ఒకనికి చెప్పకుంట ఇంకొకడు అమ్మనీకి లేదు. ఊరంత ఎరికైన మాట, కాయితం గూడ ఉండదు."

నేను లేవబోతుంటే చొక్కా పట్టుకుని ఆపాడు. "నేను చెప్పినంతే చెప్పాలె. రాజులు, రాణులు వద్దు. ఒక్క ముక్క ఎక్కువొద్దు."

ఆ రాయి దగ్గర మేం నలుగురం కూర్చున్నాం. మేస్త్రీ జగిత్యాల తెలుగులో, నేను ఇంగ్లీషులో, ఆ అమ్మాయి కిర్గిజ్‌లో. నా చెవిలో మాట ఎలా పడిందో అలాగే, ఇంచి కూడా పెరక్కుండా నోట్లోంచి బయటికి పోవడం అదే మొదలు. ప్రతి వాక్యం దగ్గరా నాలిక దురదపెట్టింది. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు గానీ, నేను అతను చెప్పినదానికంటే ఒక్క ఊపిరి ఎక్కువ మాట్లాడితే చాలు, కళ్ళు పెద్దవి చేసేవాడు.

ముసలాయన అంతా విని ఒకే ఒక్కటి అడిగాడు. గుర్రం అతిథిది సరే, మేపేవాడెవరు?

"నీ కొడుకు," అన్నాడు మేస్త్రీ. "గడ్డి ఖర్చు ఆడే పంపాలె, అది మాట. ఆడు వచ్చేదాక ఆని దిక్కుకెల్లి నువ్వు సూస్కోవాలె."

"అంటే ఈ వయసులో నేను నా కొడుక్కి కూలివాణ్ణా?"

చెల్లెలు ఆ మాట చెప్పడానికి ఇబ్బంది పడింది. మేస్త్రీ పడలేదు. "నేను గూడ నా కొడుక్కోసమే ఆ ఎండల ఇనుం కడ్తున్న పెద్దయ్యా. మనది మనకు తెల్వదా."

ఇది చెప్పేటప్పుడు నేనేమీ కలపలేదు. కలపడానికి అందులో చోటు లేదు.

ముసలాయన టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత దగ్గు, తర్వాత నవ్వు. ఆయన తాత కాలంలో తమ దగ్గరా ఇదే పద్ధతి ఉండేదట. గుర్రాలు ఎక్కువున్నవాడు లేని చుట్టానికి పాలిచ్చే గుర్రాన్ని ఇచ్చి ఉంచేవాడట. ఇన్నాళ్ళూ కొడుకు గడ్డికి డబ్బు పంపుతానంటే ఆయనకి అవమానంగా ఉండేది. ఇప్పుడది ఒప్పందం. ఇన్నాళ్ళూ ముద్దు చేసుకుందామంటే ఎక్కని గుర్రానికి దువ్వెనెందుకని నలుగురూ నవ్వేవారు. ఇప్పుడది అతిథి సొమ్ము, దువ్వక తప్పదు. ఇదంతా ఆయన చెప్పలేదు. దువ్వెన మళ్ళీ జేబులో పెట్టుకున్న తీరులో చూశాను.

మేస్త్రీ చెయ్యీ ఆయన చెయ్యీ కలిశాయి. వాళ్ళ పద్ధతిలో అరచేతులు ముఖంమీద తుడుచుకుని మాట ముగించారు. నా చేతిలో ఉన్న పగ్గం ఆయన తీసుకున్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ దోసెడు ఉప్పు, తన పొట్లంలోంచి చిటికెడు కారం తీసుకుని గుర్రం చుట్టూ తిప్పి, "సారు దిష్టి, సారు నోటి దిష్టి, ఊరోళ్ళ దిష్టి అంత పోవాలె," అంటూ పొయ్యిలో వేశాడు. నా పేరున రెండు వాటాలు పెట్టడం గమనించాను. పొయ్యి ఘాటెత్తి అందరం దగ్గాం. ఇదేమిటని పెద్దావిడ ఒక్క మాటా అడగలేదు. లోపలికెళ్ళి ఏదో కొండచెట్టు ఎండు రెమ్మలు తెచ్చి నిప్పుమీద వేసి, ఆ సాంబ్రాణి లాంటి పొగని తనూ గుర్రం చుట్టూ తిప్పింది. ఒకే గుర్రానికి ఒకే పూట రెండు దేశాల దిష్టి తీయడం చరిత్రలో అదే మొదలని నా అభిప్రాయం.

మర్నాడు ఆసామి వచ్చాడు. తోలు కోటు, బంగారు పన్ను, వెనక ఖాళీ లారీ. లోపల కూర్చోబెట్టారు, క్షేమ సమాచారాలు అడిగారు, గొర్రెల గురించి మాట్లాడారు. ముసలాయన గుర్రం మాటే ఎత్తలేదు. పెద్దావిడ గిన్నె తెచ్చి ఆసామి ముందు పెట్టి టీ పొయ్యడం మొదలుపెట్టింది. సగం దాటింది. ముప్పావు దాటింది. అంచుదాకా, ఇంకొక్క చుక్క పడితే పొర్లేదాకా పోసి, కూజా కింద పెట్టింది.

ఆసామి ఆ గిన్నె వంక చూశాడు. మా వంక చూశాడు. నిండు గిన్నె ఒలక్కుండా ఎత్తి, మర్యాదగా చివరిదాకా తాగి, టోపీ పెట్టుకున్నాడు. లారీ ఖాళీగానే కొండ దిగింది. మేస్త్రీ నా చెవిలో, "మొన్న నువ్వు గిదే గదా అడిగినవ్," అన్నాడు.

వచ్చేముందు నా సొత్తుమీద ఒకసారి ఎక్కాను. యజమాని అన్నాక ఎక్కాలి కదా. అది నన్ను మోసుకుని ఏటి దాకా నడిచి, నీళ్ళు తాగి, తిరిగొచ్చింది. నేను పైన ఉన్న సంగతి దానికి చివరిదాకా తెలిసినట్టు లేదు. నాకు మాత్రం తర్వాత వారందాకా తెలుస్తూనే ఉంది, కూర్చున్నప్పుడల్లా.

వేసవి మేతకి వెళ్ళే ఆ లోయలో ఫోన్లు పలకవు. తిరుగుదారిలో మా ఫోనులోనూ ప్రాణం లేదు. కాబట్టి దోహా చేరి, తెల్లారి సైటుకి వెళ్ళేదాకా క్రేన్ అతనికి ఏమీ తెలీదు. మేం గేటు దాటేసరికే అతను పైన ఉన్నాడు. క్యాబిన్ అద్దంలోంచి మమ్మల్ని చూసి ఉంటాడు, చెయ్యి ఊపలేదు. మేస్త్రీ వాకీటాకీ అందుకున్నాడు.

"వినవడ్తున్నదా? గుర్రం అమ్మలే."

గాలిలో ఇనుప కట్ట నెమ్మదిగా తిరుగుతోంది.

"సొమ్ము మాది, మేపుడు నీది. నీకు పాలుకిచ్చినం. మంచిగ సాకాలె, గడ్డికి పైసలు పంపాలె. మొదటి పిల్ల సారుకు, నాకు, రెండోది నీకు. అర్థమైందా?"

పాలుకివ్వడం అంటే ఏమిటో అతనికి మధ్యాహ్నం అన్నం దగ్గర వివరంగా చెప్పాలి. అమ్మలేదన్న మాట మాత్రం అతను ముందే నేర్చుకున్న తెలుగు. వాకీటాకీ గరగరలాడింది.

"అన్నా," అన్నాడు. "కట్ట యాడ పెట్టాలె? జర పైకా, జర కిందికా?"

"నీకు దండం పెడ్త, నెత్తి మీద మాత్రం పెట్టకు," అన్నాడు మేస్త్రీ. ఆ రోజు ఆ క్రేన్ ఇనుప కట్టల్ని పూలబుట్టల్లా దింపింది. అందరూ గమనించారని నేనంటాను, ఎవరూ గమనించలేదని మేస్త్రీ అంటాడు.

పైకప్పు పూర్తయ్యాక క్రేన్లు విప్పేశారు. అతను ఇంటికి వెళ్ళిపోయాడు. గుర్రం ఈనింది. ఆడపిల్లే, తల్లికంటే ఎత్తుగా పెరుగుతోంది. మాట ప్రకారం మాది. మేస్త్రీ భార్య ఊరందరికీ, తమకి దుబాయ్‌లో గుర్రం ఉందని చెప్పింది. ఊళ్ళో మేస్త్రీ హోదా ఎక్కడికో వెళ్ళిపోయింది.

ప్రపంచ కప్పు వచ్చింది. మా స్టేడియంలో ఆట జరిగిన సాయంత్రం మేస్త్రీ, నేను టికెట్ లేకపోయినా స్టేడియం కనబడేంత దూరంలో ఒక గట్టుమీద కూర్చున్నాం. పనిమానిన ఎండ, మంచి గాలి, చేతిలో చెరో కరక్ టీ. దీపాల వెలుగులో ఆ కట్టడం నిజంగానే బాగుంది. పెంచి చెప్పాల్సిన అవసరం లేనంత బాగుంది, నాకది కొంచెం ఇబ్బందిగానే ఉంది. అప్పుడే కొండ కింద వాళ్ళ చలికాలపు ఇంటినుంచి వీడియో కాల్ వచ్చింది. మా క్రేన్ అతను చలికోటులో, వెనక మంచు, ఆ మంచులో ముసలాయన చేతిలో దువ్వెన.

"అన్నా, స్టేడియం చూపియ్యి," అన్నాడు అతను. "నా క్రేన్ ఉన్న దిక్కు చూపియ్యి."

మేస్త్రీ ఫోను గుండెకి ఆనించుకుని అడ్డం పెట్టాడు.

"ముందుగాల గుర్రం చూపియ్యి. మొన్న జూస్తే బక్కగ కనవడ్డది."

అటు ఫోను మంచులోకి తిరిగింది. ఇటు ఫోను దీపాల వైపు తిరిగింది. స్టేడియంలోంచి ఒక హోరు లేచింది, ఎవరో గోలు కొట్టినట్టున్నారు. ఎవరో మేం అడగలేదు. మేస్త్రీ తెరని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని మా పిల్ల డొక్కలు పరీక్షిస్తున్నాడు.

"పర్వలేదు," అన్నాడు చివరికి. "గడ్డి ఏస్తుండ్రు."